పక్క సీటు బ్రేకు

తాగి బండి నడిపినవాణ్ణి పోలీసులు పట్టుకున్నారంటే అందులో వింతేముంది? రోజూ ఎవడో ఒకడు పట్టుబడుతూనే ఉంటాడు. కానీ ఆ రోజు బండి నడిపింది నేను, ఒక్క చుక్క కూడా ముట్టనిదాన్ని. పట్టుకెళ్ళింది పక్కన కూర్చున్న మావారిని. ఈ ముక్క ఎవరికి చెప్పినా మొదట నవ్వుతారు, తర్వాత నా ముఖం చూసి ఆపేస్తారు.

మాది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్ద భవనం ఊహించుకోకండి. కింద ఒక గది, అందులో ఒక బల్ల, గోడకు రోడ్డు గుర్తుల పటం, బయట ఒకే ఒక్క కారు. పైన మా ఇల్లు. వీధి వీధంతా మావారిని మాస్టారనే పిలుస్తుంది. ఆయన నేర్పుతారు. నేను బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తుతాను, టెస్టు తేదీలు చూస్తాను, టెస్టు తప్పి ఏడుస్తూ వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి మళ్ళీ రమ్మంటాను. ఇన్నేళ్ళూ స్టీరింగ్ మాత్రం పట్టుకోలేదు. మాస్టారి భార్యకే డ్రైవింగ్ రాదా అని వచ్చినవాడల్లా అడగడం, నేను పళ్ళికిలించడం. చివరికి ఒళ్ళు మండి ఈ ఏడాది నేనూ ఎల్ బోర్డు తగిలించుకున్నాను.

మా కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. డ్రైవింగ్ నేర్పే బళ్ళలో అది ఉండి తీరాలి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి ఎవరి మీదికైనా పోనిస్తే, నేర్పేవాడు తన కాలితో ఆపుతాడు. ఎవరు భయపడినా మావారు చెప్పేది ఒకటే మాట. "నా కాలు బ్రేకు మీదే ఉంది, నువ్వు ముందుకు చూడు." ఆ మాట వింటే వణికే చేతులు కూడా కుదురుకుంటాయి. నా చేతులూ అలాగే కుదురుకున్నాయి.

ఆ రోజు ఆయన స్నేహితుడొకడు ఉద్యోగం నుంచి రిటైరయ్యానని మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. మగవాళ్ళంతా ఒక గదిలో చేరి మందు పుచ్చుకున్నారు. మావారు అలవాటుగా తాగే మనిషి కాదు. ఎవరైనా బలవంతం చేస్తే కాదనలేని మనిషి, అదింకో రకం జబ్బు. బయటికొచ్చేసరికి ముఖం ఎర్రబడి, లోకమంతా తన చుట్టాలే అన్నట్టు నవ్వుతున్నారు. తాళాలు మాత్రం తనంతట తానే నా చేతిలో పెట్టారు. "తాగి నడపకూడదని పదిమందికీ పాఠం చెప్పేవాణ్ణి. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటాను" అన్నారు. ఎంత బుద్ధిమంతుడో నా మొగుడు అని మురిసిపోయాను కూడా.

పెద్ద రోడ్డు మలుపులో ట్రాఫిక్ పోలీసులు వచ్చిన ప్రతి బండినీ ఆపుతున్నారు. నేను అద్దం దించాను. ఒక పోలీసు చిన్న యంత్రం నా నోటి ముందు పెట్టి ఊదమన్నాడు. ఊదాను. అందులో ఏమీ కనబడలేదు. ఇక పొమ్మంటాడనుకుని గేరు మీద చెయ్యి వేశాను. అతను కారు ముందుకెళ్ళి ఎల్ బోర్డు చూశాడు, తిరిగొచ్చి వంగి పక్క సీట్లోకి చూశాడు.

"ఈయనెవరమ్మా?"

"మావారండీ. నాకు నేర్పుతున్నది ఆయనే."

"సార్, మీరు కూడా ఒకసారి ఊదండి."

మావారు నవ్వారు. "నేనెందుకు బాబూ, నడిపేది ఆవిడ కదా."

"ఎల్ బోర్డు బండిలో పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు కూడా నడుపుతున్నట్టే సార్. బండి మీ అదుపులో ఉన్నట్టే. ఊదండి."

అప్పుడు మావారు అనకూడని మాట అన్నారు. పాపం పోలీసు ఏదో బెంగ పడుతున్నాడు, ధైర్యం చెబుదామనుకున్నారు కాబోలు. తాగిన మనిషి నోటికి అలవాటైన మాటే ముందొస్తుంది కదా.

"మీరేం భయపడకండి. నా కాలు బ్రేకు మీదే ఉంది."

పోలీసు నవ్వలేదు. ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. తర్వాత ఊదించాడు. యంత్రం కూత పెట్టింది. అవతలివైపు తలుపు తీసి, "దిగండి సార్, మీ లైసెన్సు ఇవ్వండి" అన్నాడు.

"నేనా?" అన్నారు మావారు. ఆ ముఖాన ఇంకా నవ్వు మిగిలే ఉంది, పోవాలని దానికి తెలియనట్టు. "నడపకుండానే?"

నేను స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఏదో పొరపాటు జరుగుతోంది, ఎవరో ఒకరు వచ్చి సర్దుతారు అనిపించింది. ఎవరూ రాలేదు. ఆయన్ని జీపు ఎక్కించారు. పక్కన ఎవరూ లేకుండా నువ్వు బండి కదిలించకూడదమ్మా అని నాకు కూడా చెప్పి వెళ్ళారు. మా అమ్మాయికి ఫోను చేశాను. అది బట్టల షాపులో బిల్లులు వేస్తుంది, లైసెన్సు ఎప్పుడో తెచ్చుకుంది, నేర్పడానికి కావాల్సిన సర్టిఫికెట్టు కూడా ఈమధ్యే సంపాదించింది. వచ్చాక ఏం జరిగిందని అడిగింది. "నాన్నని పట్టుకెళ్ళారు" అన్నాను. "నువ్వు నడుపుతుంటే నాన్ననా?" అంది. అంతకుమించి నాకూ తెలియదు.

సాయంత్రానికి ఆయన్ని వదిలిపెట్టారు. లైసెన్సు మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. ఇంటికొచ్చి ఆయన అన్నం ముట్టలేదు. నేను ఊరుకుంటానా? "పోలీసుకి ధైర్యం చెప్పే పని నీకెందుకు పెట్టాడయ్యా దేవుడు" అని, పెళ్ళయ్యాక మొదటిసారి మీరు అనడం మానేసి, నోటికొచ్చినట్టల్లా తిట్టాను.

మర్నాడు లాయరు దగ్గరికెళ్ళాం. మా తమ్ముడితో కలిసి చదువుకున్నవాడు, నన్ను అక్కా అంటాడు. జిరాక్సు షాపు మీద ఇరుకు గది, కుర్చీల మీద కూడా ఫైళ్ళే. వాటిని తీసి మాకు చోటు చేశాడు.

"బావగారూ, మీది ఒక కేసు కాదు, రెండు" అన్నాడు. "కోర్టులో ఒకటి, లైసెన్సుల ఆఫీసులో ఒకటి. కోర్టుది నిదానంగా నడుస్తుంది. ఆఫీసువాళ్ళు ఆగరు. విచారణ కావాలని గడువులోగా మనం అడక్కపోతే లైసెన్సు దానంతటదే సస్పెండైపోతుంది. అది పోతే దాని వెనకాలే మీ నేర్పే పర్మిట్టు. పర్మిట్టు పోతే స్కూలుకి తాళం."

"తాళం ఎందుకు?" అన్నాను.

"తాగి పట్టుబడినవాడు డ్రైవింగ్ నేర్పుతానంటే ఎవరు ఒప్పుకుంటారక్కా? సరే, మనకేమేం దారులున్నాయో చూద్దాం." వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టాడు. "మీ బండిని ఊరికే ఎందుకు ఆపారని అడగొచ్చు. కానీ వాళ్ళు అన్ని బళ్ళనీ ఆపారు, అది నిలబడదు. యంత్రం సరిగ్గా ఉందా అని అడగొచ్చు. చూశాను, మొన్నే పరీక్ష చేయించారు. బావగారూ, మీరేమైనా మందులు వాడుతున్నారా? దగ్గు సిరప్పు లాంటివి? కొన్నిటివల్ల యంత్రం తప్పు చూపిస్తుంది."

"లేదు. విస్కీయే" అన్నారు మావారు.

లాయరు పెన్ను కింద పెట్టాడు. "మీరు ఎక్కడా ఈ జవాబు చెప్పకండి. ఇక మిగిలింది ఒకటే. బండి నిజంగా మీ అదుపులో ఉందా అన్నది. మామూలు కారైతే నేను గట్టిగా వాదించేవాణ్ణి. పక్కన కూర్చున్నవాడు ఏం చేయగలడు? తాగి పక్కన కూర్చోవడం తప్పే, కాదనను, కానీ చిన్న తప్పు, జరిమానాతో పోతుంది. మనకొచ్చిన తంటా అంతా ఆ రెండో బ్రేకుతోనే. దానితో మీరు బండి ఆపగలరు. ఆపగలిగితే నడిపినట్టే. పైగా నా కాలు దాని మీదే ఉందని మీ నోటితో మీరే చెప్పారు. ఆ బ్రేకు లేకుండా ఉంటే మీరు ఈపాటికి ఇంట్లో హాయిగా పడుకుని ఉండేవారు."

మావారు తల వంచుకుని తన చెప్పుల వైపు చూసుకుంటున్నారు.

"అది పనిచేయదు" అన్నారు.

"ఏది?"

"పక్క సీటు బ్రేకు. కేబుల్ తెగిపోయింది."

లాయరు కుర్చీలోంచి సగం లేచాడు. వాడి ముఖం చూడాలి, పెళ్ళిసంబంధం కుదిరినవాడిలా వెలిగిపోయింది. "ఈ మాట ముందే చెప్పరేం బావగారూ. మనం గెలిచినట్టే. పనిచేయని బ్రేకు మీద కాలు పెడితే నేల మీద పెట్టినట్టేగా."

నాకు వాడి మాటలు వినిపించడం మానేశాయి. "ఎప్పుడు తెగింది?" అని అడిగాను. "చాలా కాలమైంది" అన్నారు. "నేను నేర్చుకోవడం మొదలుపెట్టాక తెగిందా?" కాదన్నట్టు తల ఊపారు. "మరి అమ్మాయి నేర్చుకున్నప్పుడు?" "అప్పుడు బాగానే ఉంది" అన్నారు, అదేదో నాకు ఊరట కలిగించే మాటైనట్టు.

ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ఒక్కటే, బడి పక్కనున్న వాలు. నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో ఆ వాలులో దిగుతుంటే పిల్లలు గుంపుగా రోడ్డుకు అడ్డం వచ్చారు. మావారు "ఆఁ" అంటూ కాలితో ధన్‌మని తన్నారు, బండి ఆగింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని, మీరు లేకపోతే ఇవాళ ఏమయ్యేదో అన్నాను. ఆయన నా వీపు తట్టారు. ఆ తన్నిన కాలు కింద ఏమీ లేదు. ఆ చప్పుడుకు హడలి బ్రేకు తొక్కింది నేను. నా కాలు తప్పి పక్కనున్న పెడల్ మీద పడి ఉంటే?

ఆయన నేర్పే పద్ధతే అదని అప్పుడు అర్థమైంది. బ్రేకు తెగిన తర్వాత ఒకసారి అలవాటుగా తన్ని ఉంటారు, నేర్చుకునేవాడు భయపడి తానే ఆపి ఉంటాడు. ఇదేదో బాగానే ఉందనుకున్నారు. అప్పటి నుంచీ పక్కన కూర్చుని ధన్‌మని తన్నడం, వాళ్ళు ఉలిక్కిపడి తొక్కడం, చూశావా ఆపేశాను అనడం. ఇన్నాళ్ళూ జనం ప్రాణాలు గాలిలో దీపాలు.

లాయరు నా వైపు తిరిగాడు. "అక్కా, సాక్షివి నువ్వే. ఎప్పటినుంచి పనిచేయడం లేదని అడిగితే, ఆ రోజు పొద్దున్నే తెగిందని చెప్పు. చాలా కాలంగా అన్నావనుకో, తాగిన కేసు తప్పినా బ్రేకు లేకుండా నేర్పినందుకు పర్మిట్టు పోతుంది. పొద్దున్నే తెగిందంటే రెండూ దక్కుతాయి. ఇంకో మాట. విచారణ అయ్యేదాకా కారుని ఎవరూ ముట్టుకోకండి. వాళ్ళ మెకానిక్కు వచ్చి ఆ పెడల్ తొక్కి చూస్తాడు. తెగిన కేబులే మన ప్రాణం."

ఇంటికొచ్చాక అడిగాను. "ఎందుకు బాగుచేయించలేదు?" రేపు చేయిద్దాం, ఎల్లుండి చేయిద్దాం అనుకున్నానన్నారు. ఆ బ్రేకు విప్పితే బండిని మళ్ళీ ఆఫీసువాళ్ళకు చూపించి సరేననిపించుకునేదాకా రోడ్డెక్కించకూడదట. ఉన్నది ఒక్క బండి, టెస్టులు ఒకదాని వెనక ఒకటి. "ఎవరికీ ఏమీ కాలేదుగా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న గిన్నె గోడకేసి కొట్టాను. అమ్మాయి గదిలోంచి పరుగెత్తుకొచ్చి ఏమైందంది. చెయ్యి జారిందన్నాను.

దానికి మాత్రం ఎలా చెప్పను? తండ్రి దగ్గర నేర్చుకుని, తండ్రిలాగే నేర్పాలని సర్టిఫికెట్టు తెచ్చుకున్న పిల్ల. అది చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆయన పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకు రోడ్డు గుర్తులు అప్పజెప్పేది.

వారం తిరక్కుండానే అసలు చిక్కొచ్చి పడింది. ఇద్దరు ముగ్గురికి టెస్టు తేదీలు దగ్గరపడ్డాయి, ప్రాక్టీసు లేక వాళ్ళు రోజూ ఫోను చేస్తున్నారు. అమ్మాయి షాపులో సెలవు పెట్టేసింది.

"నాన్నా, క్లాసులు నేను తీసుకుంటాను. స్కూలు మూతపడితే వచ్చేవాళ్ళు కూడా రారు."

"వద్దమ్మా" అన్నారు ఆయన. "లాయరు బండిని ముట్టుకోవద్దన్నాడు."

"ఎందుకు ముట్టుకోకూడదు? ఊదింది నువ్వు, బండి ఏం చేసింది?"

దానిదీ తండ్రి పట్టుదలే. ఎల్లుండి నుంచి మొదలుపెడతానని వాళ్ళందరికీ కబురు పెట్టేసింది. అది పడుకున్నాక నేను ఆయన్ని నిలదీశాను. "పిల్లకి చెబుతారా, నన్ను చెప్పమంటారా? ఆ సీట్లో అది కూర్చోబోతోంది. అది నిజంగానే బ్రేకుందనుకుని తొక్కుతుంది, మీలా ఉత్తుత్తి తన్నడం దానికి తెలియదు." ఆయన "నేను చూసుకుంటాను" అన్నారు. చెప్పేశారనే అనుకున్నాను. మూడో రోజు పొద్దున అమ్మాయి ఒకతన్ని ఎక్కించుకుని వెళ్ళింది, తిరిగొచ్చి నవ్వుతూ టీ తాగింది. నిజం తెలిసి కూడా ఎంత గుండె ధైర్యం దీనికి అనుకుని నేనే ఆశ్చర్యపోయాను. పిచ్చిదాన్ని, అడగాల్సింది.

విచారణ రోజున అమ్మాయే కారు నడిపింది. మేమిద్దరం వెనక కూర్చున్నాం. అక్కడికి చేరాక అది కారు దగ్గరే ఆగింది, మేం లోపలికి వెళ్ళాం. లైసెన్సుల ఆఫీసు వెనక పెద్ద ఆవరణ, పక్కన టెస్టుకొచ్చిన బళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. విచారణ చేసే ఆఫీసరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి, గొంతు పెంచదు. లాయరు చెప్పిందంతా విని, "బ్రేకు పనిచేయదంటున్నారు కాబట్టి ముందు అదే చూద్దాం" అని అందరినీ ఆవరణలోకి తీసుకొచ్చింది. వాళ్ళ మెకానిక్కు పక్క సీట్లో కూర్చున్నాడు, ఒకతను బండిని మెల్లగా ముందుకు పోనిచ్చాడు. మెకానిక్కు పెడల్ తొక్కాడు.

కారు కుదుపుతో ఆగింది.

"బాగానే ఉంది మేడమ్" అన్నాడు మెకానిక్కు. మళ్ళీ పోనిచ్చారు, మళ్ళీ ఆగింది.

లాయరు ముఖాన నెత్తురు చుక్క లేదు. నా చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. మాలో ఆశ్చర్యపడనిది ఇద్దరే, మావారూ, ఏమీ తెలియని మా అమ్మాయీ.

"మీ బ్రేకు పనిచేస్తోందే" అంది ఆఫీసరమ్మ.

"నేనే బాగుచేశానండీ" అన్నారు మావారు. "ఈమధ్యే. కొత్త కేబుల్ వేశాను."

"ముట్టుకోవద్దని మీ లాయరు చెప్పలేదా?"

"చెప్పారండీ."

"మరి?"

"మా అమ్మాయి ఆ సీట్లో కూర్చుని నేర్పుతానంది. వద్దంటే వినలేదు. ఎందుకు వద్దో చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. అది ఇంట్లో లేనప్పుడు కూర్చుని వేసేశాను."

తనని కాపాడగలిగిన ఆ తెగిన కేబుల్‌ని తన చేతులతోనే మార్చేశారు. లాయరు నుదురు కొట్టుకున్నాడు. నాకు ఆ మనిషిని అక్కడికక్కడే కౌగిలించుకోవాలనిపించింది, చెంప పగలగొట్టాలని కూడా అనిపించింది. అమ్మాయి ఏమీ అర్థం కాక, "బాగుచేయడమేంటి నాన్నా? పాడయిందా?" అంది.

ఆఫీసరమ్మ ఆయన్నే చూస్తోంది. "మీ అమ్మాయి కూర్చుంటే కావాల్సి వచ్చిన బ్రేకు, అంతకుముందు ఎవరి పిల్లలకూ అక్కర్లేకపోయిందా?"

ఆయన చూపు కారు మీదికి పోయింది. పక్క వరసలో టెస్టుకొచ్చిన పిల్లొకతె ఇంజన్ ఆగిపోయి మళ్ళీ మళ్ళీ తాళం తిప్పుతోంది.

"అమ్మా, మీరు చెప్పండి" అని ఆఫీసరమ్మ నా వైపు తిరిగింది. "అది ఎప్పటినుంచి పనిచేయడం లేదు?"

లాయరు ఆమె భుజం వెనక నుంచి నా కళ్ళలోకి చూశాడు. పొద్దున్నే తెగిందని ఒక్క మాట అంటే చాలు. ఆ రోజు మాత్రమే లేదు, తర్వాత బాగుచేశాం. లైసెన్సూ పర్మిట్టూ రెండూ మిగులుతాయి, మా బతుకు మళ్ళీ ఎప్పటిలాగే నడుస్తుంది. అమ్మాయి కూడా నన్నే చూస్తోంది. నాకు ఆ వాలులో అడ్డంగా పరుగెత్తిన పిల్లలు కనిపించారు.

"నేను నేర్చుకోవడం మొదలుపెట్టకముందు నుంచే లేదండీ" అన్నాను. "నాకూ ఈ కేసయ్యాకే తెలిసింది."

కోపంతో చెప్పానో, నిజం కాబట్టి చెప్పానో ఇప్పటికీ తేల్చుకోలేను. చెప్పాక మాత్రం వెళ్ళి అక్కడున్న అరుగు మీద కూర్చున్నాను. అమ్మాయి తండ్రి దగ్గరి నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన అది చూశారు.

మధ్యాహ్నం లోపలికి పిలిచి ఆఫీసరమ్మ తీర్పు చదివింది. పక్క సీట్లోంచి బండిని ఆపగలిగే వీలు ఆ రోజు లేదు కాబట్టి, తాగి బండి నడిపినట్టు చెప్పడానికి ఆధారం చాలదు. తాగి నేర్పడానికి కూర్చున్నందుకు జరిమానా. డ్రైవింగ్ లైసెన్సు తిరిగి ఇచ్చేయమంది. నేర్పే పర్మిట్టు రద్దు, ఇక మళ్ళీ ఇవ్వరు. స్కూలు మూసేయాలి. కేబుల్ తెగిన తర్వాత మా దగ్గర నేర్చుకున్న ప్రతి ఒక్కరూ మళ్ళీ టెస్టుకు రావాలి. "వాళ్ళకు నోటీసులు పంపుతాను" అంది చివర్లో. "అవి అందేలోపు మీరే స్వయంగా ఫోను చేసి చెప్పండి. ఎందుకు రావాలో మీ నోటితో వినాలి వాళ్ళు."

గుమాస్తా లైసెన్సు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఏ లైసెన్సు పోతుందేమోనని ఇన్నాళ్ళు నిద్రపోలేదో, అది దక్కింది. దానితో చేసే పని మాత్రం పోయింది. లాయరు మెట్లు దిగుతూ, "ఈ తీర్పు చూపిస్తే కోర్టు కేసూ నిలబడదు. ఒక రకంగా మనం గెలిచామక్కా" అన్నాడు. ఆ మాట వాడికే నచ్చినట్టు లేదు, మళ్ళీ అనలేదు.

ఇంటికొచ్చాక అమ్మాయి తిన్నగా మేడ మీదికి వెళ్ళి తలుపేసుకుంది. ఆయన కింద గదిలో బల్ల దగ్గర, నా కుర్చీలో కూర్చున్నారు. రేపు చేయొచ్చు కదా అన్నాను. తల అడ్డంగా ఊపారు. నేను నా ఫోనులో ఉన్న పేర్లు ఒక్కొక్కటీ చదవసాగాను, ఆయన నంబరు నొక్కసాగారు. మొదట ఎత్తింది ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అంత శ్రద్ధగా నేర్చుకున్న పిల్ల ఇంకొకతె లేదు.

"మాస్టారూ, బాగున్నారా?" అంది. ఫోను బయటికి వినిపిస్తూనే ఉంది.

ఆయన దాచకుండా చెప్పారు. కేబుల్ తెగిన సంగతి, తన్నడం, అన్నీ. "నా కాలి కింద ఏమీ లేదమ్మా. ఎప్పుడు ఆపినా నువ్వే ఆపావు. నేను ఆపానని అబద్ధం చెప్పాను."

కోప్పడుతుందనుకున్నాను. తిడితే బావుండు అనుకున్నాను.

"అప్పుడు నాకు నాలుగో నెల మాస్టారూ" అంది. "చెబితే నేర్పరేమోనని మీకు చెప్పలేదు. మీరున్నారు కదా అనే వచ్చాను."

అంతే, పెట్టేసింది.

ఆయన ఫోను చెవి దగ్గరే పట్టుకుని అలా ఉండిపోయారు. ఆయన గడ్డం వణుకుతోంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఏడవడం నేను చూడలేదు. ఓదార్చాలనిపించలేదు, ఆ మాట దాచడం దేనికి. లేచి వెళ్ళిపోవాలనీ అనిపించలేదు. కాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకున్నారు.

"తర్వాత ఎవరు?" అన్నారు.

"నేను" అన్నాను.

ఆయన ఫోను బల్ల మీద పెట్టారు. కుర్చీ నా వైపు తిప్పుకుని, వాళ్ళందరికీ చెప్పబోయేదే నాకూ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.